గంగిరెద్దులా తల ఊపొద్దు, అర్థం కాలేదని చెప్పండి

(పోయిన ఆదివారం మన కూడికలో మాట్లాడిన మాటలివి. డ్యూటీ ఉండి రాలేకపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు, రాసి గ్రూపులో పెట్టమన్నారు. నోటితో చెప్పింది చెప్పినట్టే రాశాను. చట్టం సంగతులు మాత్రం ఇంకోసారి సరిచూసుకుని రాశాను.)



నేను చదివింది పదో తరగతి. పంతొమ్మిదో ఏట దుబాయ్ పోయాను. అక్కడ పద్నాలుగేళ్ళు. తర్వాత ఈ లండన్‌కు వచ్చాను. లండన్ అంటే రాణిగారి లండన్ కాదు, అంటారియో లండన్ అని మా అమ్మకు ఎన్నిసార్లు చెప్పినా ఇప్పటికీ ఊళ్ళో "మా వాడు ఇంగ్లండ్‌ల ఉన్నడు" అనే చెప్తుంది. ఇక్కడ ఇప్పుడు సైట్‌లో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. నేను లాయర్‌ని కాను. కాకపోతే నా కళ్ళముందు జరిగింది ఒకటి, నా చేతులారా చేసిన తప్పు ఒకటి ఉంది. అది చెబితే మీకు పనికొస్తుందని నిలబడ్డాను.

రెండేళ్ళ కిందట మా సైట్‌లో ఒక తమ్ముడు పనిచేసేవాడు. మన తెలుగు పిల్లవాడే, ఇరవై ఆరేళ్ళు ఉంటాయి. పనిలో గట్టివాడు. ఏం చెప్పినా తల ఊపేవాడు. "ఆ పైపులు అటు పెట్టు" అంటే తల ఊపుతాడు. "సరే అర్థమైందా" అంటే తల ఊపుతాడు. అబ్బ, ఎంత వినయం అనుకున్నాను.

ఒకరోజు పొద్దున లోడర్ వెనక్కి వస్తోంది. బీప్ బీప్ అని మోత. ఈ తమ్ముడు దాని దారిలో వంగి ఏదో ఏరుతున్నాడు. నేను అరిచాను, ఇంకొకరు అరిచారు. కదల్లేదు. ఉరికి పోయి జాకెట్ పట్టి లాగాను. అరచేతి మందం తప్పింది. గుండె దడ తగ్గకముందే అందరి ముందు వాడిని నోటికొచ్చినట్టు తిట్టాను. తర్వాత ఆఫీసుకు పోయి రిపోర్టు రాశాను. "చెప్పిన మాట వినలేదు" అని రాశాను.

మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు నా ఎడమ పక్కకు వచ్చి కూర్చుని మెల్లగా చెప్పాడు. "అన్నా, నాకు కుడి చెవి చిన్నప్పటి నుంచి వినపడదు. ఎడమ చెవి సగమే. మనిషి మొహం చూస్తే కొంత తెలుస్తది. చెబితే పని పోతదని ఇన్నాళ్ళు చెప్పలే."

నేను రాసింది "వినలేదు" అని. వాడికి వినపడలేదు. రెండింటికీ ఎంత తేడా ఉందో ఆ రోజు తెలిసింది నాకు. తెలిసినా ఏం చేశాను? రిపోర్టు సరిచేయలేదు. మళ్ళీ ఆఫీసుకు పోయి నా తప్పు ఒప్పుకోవాలంటే నామోషీ. రెండు రోజుల్లో అందరూ మర్చిపోతారులే అనుకున్నాను.

రెండు వారాల తర్వాత కంపెనీ వాళ్ళు ఆ తమ్ముడిని ఆఫీసుకు పిలిచారు. పది నిమిషాలు ఏదో ఇంగ్లీషులో చెప్పారు. మాట్లాడేటామె కంప్యూటర్ చూస్తూ మాట్లాడింది, అందుకని పెదాలు కూడా కనపడలేదట. వీడు అలవాటుగా తల ఊపాడు. కాగితం ఇచ్చారు, సంతకం పెట్టాడు. బయటికి వచ్చి నవ్వుతూ నన్ను అడిగాడు, "అన్నా, ట్రైనింగ్ ఎప్పుడంటా?"

కాగితం తీసుకుని చూశాను. నా ఇష్టంతో నేనే పని మానేస్తున్నాను అని ఉంది అందులో. కింద వాడి సంతకం.

ఆ నవ్వు మొహం చూసి నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ కాగితం వెనకాల ఉన్నది నేను రాసిన రిపోర్టే.

ఆ తర్వాత ఇద్దరం కలిసి ఇక్కడి ఒక ఉచిత న్యాయసహాయ కేంద్రానికి పోయాం. అక్కడి ఆమె మొదట అడిగిన మాట నాకు ఇంకా గుర్తుంది. కేసు సంగతి అడగలేదు. ఒక కాగితం మీద రాసి వాడి ముందు పెట్టింది. "మీతో ఎలా మాట్లాడితే మీకు బాగా తెలుస్తుంది? సైగ భాషా, రాసి చూపించడమా, తెర మీద అక్షరాలా?" ఈ దేశం వచ్చి నాలుగేళ్ళయింది, ఆ ప్రశ్న వాడిని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

వాళ్ళు తెలుగు దుబాసీని కూడా పెట్టారు. ఫోన్లో అయితే వాడికి వినపడదు కాబట్టి ఎదురుగా కూర్చోబెట్టి, నెమ్మదిగా, రాసి చూపిస్తూ మాట్లాడారు. పైసా తీసుకోలేదు. కంపెనీకి ఉత్తరం రాశారు. నేను కూడా జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టాను, నా రిపోర్టు తప్పని ఒప్పుకుంటూ. నా పని పోతుందేమో అని మా ఇంటామె ఆ రాత్రి నిద్రపోలేదు. చివరికి కంపెనీ ఆ కాగితాన్ని వెనక్కి తీసుకుంది. తమ్ముడు పనిలోకి వచ్చాడు. ఇప్పుడు మిషన్లు తిరిగే చోట వాడికి కనపడేలా ఒక జోడీ మనిషి ఉంటాడు. పొద్దున చెప్పే సేఫ్టీ మాటలు కాగితం మీద కూడా ఇస్తాం. చేతి సైగలు అందరం నేర్చుకున్నాం. ఖర్చు ఎంతైందంటారా? కాగితాల ఖర్చే.

అందరికీ ఇట్లాగే అవుతుందని నేను మాటివ్వను. కానీ దారి ఉందని మాత్రం ఖాయంగా చెప్తాను. ఆ దారి ఏంటో ఇప్పుడు చెప్తా.

*చట్టం ఏమంటుంది*

అంటారియో మానవ హక్కుల చట్టంలో వైకల్యం అంటే ఏమిటో రాసిన చోట బధిరత్వం, వినికిడి లోపం అని పేరు పెట్టి మరీ ఉంది. అంటే చెవి వినపడదని పనిలోంచి తీయకూడదు, ఇల్లు అద్దెకు ఇవ్వనని అనకూడదు, దుకాణంలో, ఆసుపత్రిలో, బడిలో తక్కువ చేయకూడదు. అంతేకాదు, ఆ మనిషి పని చేసుకోవడానికి కావలసిన ఏర్పాటు యజమాని చేయాలి. మోయలేని భారం అయితే తప్ప కుదరదు అనడానికి లేదు. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. పాస్‌పోర్టు రంగు చూసి హక్కు ఇవ్వరు.

కోర్టుల సంగతి. ఈ దేశ రాజ్యాంగంలో హక్కుల పత్రం అని ఒకటి ఉంది, 1982లో వచ్చింది. దాంట్లో పద్నాలుగో సెక్షన్ చూడండి. కోర్టులో జరిగే భాష రాని మనిషికి గానీ, చెవి వినపడని మనిషికి గానీ దుబాసీ సహాయం పొందే హక్కు ఉంది అని రాసింది. ఇంగ్లీషు సరిగా రాని మనమూ, చెవి వినపడని వాళ్ళూ ఒకే వాక్యంలో ఉన్నాం! ఇది చదివిన రోజు నేను చాలాసేపు ఆలోచించాను. మన కష్టం, వాళ్ళ కష్టం వేరు కాదు. సైట్‌లో ఇంగ్లీషు అర్థం కాక మనం తల ఊపుతాం, వినపడక వాళ్ళు తల ఊపుతారు. కింద పెట్టే సంతకానికి మాత్రం రెండిటికీ బరువు ఒకటే.

ఆసుపత్రి సంగతి. బ్రిటిష్ కొలంబియాలో ఒక బధిర దంపతులకు కవల పిల్లలు నెలలు నిండకముందే పుట్టారు. కాన్పు గదిలో దుబాసీ లేడు. నర్సు చేతి సైగలతో ఏదో చెప్పింది. పుట్టిన పిల్లల్ని వెంటనే తీసుకుపోయారు. ఏమైందో తల్లికి తెలియదు. బాగున్నారు అని ఒక చీటీ మాత్రం చూపించారు. ఆ తల్లి స్థానంలో మన ఇంటి ఆడపడుచును పెట్టుకుని చూడండి. వాళ్ళు, ఎల్‌డ్రిడ్జ్ అనే ఇంకొకామె కలిసి కోర్టుకు పోయారు. కింది కోర్టులో ఓడిపోయారు, పై కోర్టులో కూడా ఓడిపోయారు. వదల్లేదు. 1997లో కెనడా సుప్రీంకోర్టు జడ్జీలందరూ ఒకే మాట మీద నిలబడి తీర్పు చెప్పారు. వైద్యం సరిగా అందడానికి మాట అర్థం కావడం అవసరమైన చోట, సైగ భాష దుబాసీని ఇవ్వకపోవడం సమానత్వ హక్కుకు విరుద్ధం అన్నారు. ఎల్‌డ్రిడ్జ్ కేసు అంటే ఇక్కడ ఏ హక్కుల లాయరుకైనా తెలుసు.

మనలో ఒక సామెత ఉంది, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని. ఇన్నాళ్ళు మనం వినేవాడిదే తప్పు అనుకున్నాం. సుప్రీంకోర్టు చెప్పింది ఏంటంటే, శంఖం ఊదేవాడిదే బాధ్యత, వాడికి తెలిసేలా చెప్పాలి అని.

*ఉచితంగా ఎవరు సాయం చేస్తారు*

ఈ పేర్లు ఫోన్లో దాచుకోండి.

1. ఆర్చ్ డిజెబిలిటీ లా సెంటర్. టొరంటోలో ఉంది, 1980 నుంచి నడుస్తోంది. అంటారియో మొత్తంలో వైకల్యం ఉన్నవాళ్ళకు ఉచితంగా చట్టం సలహా చెబుతారు. వాళ్ళ పనే ఇది.

2. హ్యూమన్ రైట్స్ లీగల్ సపోర్ట్ సెంటర్. పనిలోనో, అద్దె ఇంట్లోనో తక్కువ చేశారు అనుకుంటే హక్కుల ట్రిబ్యునల్‌కు ఎలా పోవాలో వీళ్ళు చెబుతారు. గుర్తుపెట్టుకోండి, జరిగిన రోజు నుంచి ఒక్క ఏడాది లోపల అర్జీ పెట్టాలి. పండగ పోనీ, ఊరికి పోయి వచ్చాక చూద్దాం అంటే గడువు దాటుతుంది.

3. మన లండన్‌లోనే నైబర్‌హుడ్ లీగల్ సర్వీసెస్ ఉంది, లండన్, మిడిల్‌సెక్స్ వాళ్ళ కోసం. ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళకు. వెస్టర్న్ యూనివర్సిటీలో కమ్యూనిటీ లీగల్ సర్వీసెస్ ఉంది, లా చదివే పిల్లలు లాయర్ల పర్యవేక్షణలో కేసులు చూస్తారు. ఏ రకం కేసులు తీసుకుంటారో ముందే అడగండి. వాళ్ళు చూడకపోతే ఎక్కడికి పోవాలో చెబుతారు.

4. ఆఫీస్ ఆఫ్ ద వర్కర్ అడ్వైజర్. యూనియన్ లేని కార్మికులకు. పనిలో దెబ్బ తగిలినా, పని వల్ల జబ్బు వచ్చినా, డబ్ల్యూఎస్ఐబీ అనే బీమా బోర్డు కాదన్నా వీళ్ళు ఉచితంగా మన తరఫున నిలబడతారు.

5. కెనడియన్ హియరింగ్ సర్వీసెస్. 1940లో మొదలైన సంస్థ, లండన్‌లోనూ ఆఫీసు ఉంది. ఇది లాయర్ ఆఫీసు కాదు. సైగ భాష దుబాసీలు, చెవి పరీక్షలు, వినికిడి పరికరాలు ఇక్కడ దొరుకుతాయి.

6. ఏ ఆఫీసో తెలియకపోతే 211కి ఫోన్ చేయండి. దుబాసీ కావాలని, తెలుగు అని చెప్పండి.

చెవి అసలు వినపడనివాళ్ళు ఫోన్ ఎలా చేస్తారు అని ఒక చెల్లెలు అడిగింది. 2016 నుంచి కెనడాలో వీడియో రిలే సర్వీస్ ఉంది. సైగ భాష వచ్చిన మనిషి వీడియోలో సైగ చేస్తే, మధ్యలో ఉన్న దుబాసీ అవతలివాళ్ళకు నోటితో చెబుతారు. ఉచితం. ఆపద వస్తే 911కి మెసేజ్ ద్వారా మాట్లాడే ఏర్పాటు కూడా ఉంది, కానీ ఫోన్ కంపెనీ దగ్గర ముందే పేరు నమోదు చేసుకోవాలి. ఆపద వచ్చాక నమోదు చేసుకుందామంటే లాభం లేదు. ఈ వారమే చేయించండి.

ఇంకొక సంగతి. సైగ భాష లోకమంతా ఒకటే అనుకుంటాం. కాదు. మన దేశంలో అక్షరాలు రెండు చేతులతో చూపిస్తారు, ఇక్కడి అమెరికన్ సైగ భాషలో ఒక చేత్తో. మన బధిర పిల్లల బడిలో చదివి వచ్చిన మనిషికి ఇక్కడి దుబాసీ సైగలు అర్థం కాకపోవచ్చు. అప్పుడు "సైగ దుబాసీ వచ్చాడు కదా" అని ఊరుకోకండి. ఇది వేరే సైగ భాష అని చెప్పండి. ఇలాంటి వాళ్ళ కోసం బధిరులే దుబాసీలుగా కూర్చునే పద్ధతి ఉంది, దాన్ని అడగండి. సైగ భాష రానివాళ్ళు, నడి వయసులో వినికిడి తగ్గినవాళ్ళు, మాటలు వెంటవెంటనే తెర మీద అక్షరాలుగా వచ్చే ఏర్పాటు అడగొచ్చు.

ఇంట్లో పిల్లల్ని మాత్రం దుబాసీగా కూర్చోబెట్టకండి. పదేళ్ళ పిల్లతో డాక్టరు చెప్పిన జబ్బు పేరు, లాయరు చెప్పిన సెక్షను చెప్పించడం ధర్మం కాదు. తప్పు పోతే ఆ పిల్ల జీవితాంతం నా వల్లే అనుకుంటుంది.

*ఇప్పుడు మన చెవుల సంగతి*

మనకేం, బాగానే వినపడుతుంది అనుకుంటున్నారు కదా. నేనూ అనుకున్నాను. ఇంట్లో టీవీ సౌండ్ పెంచుతుంటే మా పిల్లలు చెవులు మూసుకునేవాళ్ళు. రాత్రి పడుకుంటే చెవిలో కీచురాళ్ళ మోత. పరీక్ష చేయిస్తే రెండు చెవులూ దెబ్బతిన్నాయన్నారు. ఎన్నో ఏళ్ళు బ్రేకర్ పక్కన, కటింగ్ మిషన్ పక్కన చెవులకు ఏమీ పెట్టుకోకుండా నిలబడిన ఫలం.

అంటారియోలో శబ్దం నిబంధన నిర్మాణ పనులకు కూడా 2016 జూలై నుంచి వర్తిస్తోంది. ఎనిమిది గంటల పనికి 85 డెసిబెల్స్ హద్దు. మూడు డెసిబెల్స్ పెరిగితే సమయం సగమవుతుంది. 88 అయితే నాలుగు గంటలు, 91 అయితే రెండు గంటలు. ఆ లెక్కన 100 దగ్గర పావుగంటే. బ్రేకర్ మోత 100 దాటుతుంది. చెవికి పెట్టుకునేవి కంపెనీ ఇవ్వాలి. అడగడానికి మొహమాటం ఎందుకు? హెల్మెట్ అడగడానికి మొహమాటపడతామా?

పని శబ్దం వల్ల వినికిడి పోతే డబ్ల్యూఎస్ఐబీకి క్లెయిమ్ పెట్టొచ్చు. ఈ జబ్బు ఉందని తెలిసిన రోజు నుంచి ఆరు నెలల్లో పెట్టాలి. నా పరీక్ష కాగితం అల్మారాలో ఎనిమిది నెలలు పడి ఉంది. ఎందుకు? సూపర్‌వైజర్‌కు చెవుడు అంటే నవ్వుతారని. గడువు దాటినా కారణం రాసి, వినమని అడగొచ్చని తర్వాత తెలిసింది, అడిగాను. మీరు ఆ పని పెట్టుకోకండి. ఇంకోటి, ఇక్కడి పనిలో పోయిందని చూపించాలి. గల్ఫ్‌లో పోయిన చెవికి ఇక్కడి బోర్డు లెక్క కట్టదు. కాబట్టి కొత్తగా వచ్చినవాళ్ళు ముందే ఒకసారి చెవి పరీక్ష చేయించుకుని కాగితం దాచుకోండి. ఎక్కడెక్కడ, ఏ మిషన్ మీద, ఎన్నేళ్ళు చేశారో ఒక నోటుబుక్కులో రాసుకోండి. వినికిడి మిషన్ కొనడానికి అంటారియో ప్రభుత్వ సాయం కూడా ఉంది, అర్హత ఉందా అని పరీక్ష చేసేవాళ్ళనే అడగండి.

*ఊళ్ళో ఉన్న మనవాళ్ళకు*

మనలో చాలామందికి ఊళ్ళో వినికిడి లేని అన్నో, చెల్లెలో ఉంటారు. భూమి పంచేటప్పుడు, పింఛను కాగితాల దగ్గర వాళ్ళతో కూడా తల ఊపించి వేలిముద్ర వేయించుకుంటారు. ఆ పని ఒక్కోసారి మనమే చేస్తాం, ఒప్పుకుందాం. మన దేశంలో 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం వైకల్యం ఉన్నవాళ్ళకు ఆదాయం ఎంత ఉన్నా ఉచిత లాయరును ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 15100 నంబరుకు ఎవరైనా ఫోన్ చేయొచ్చు. ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఈ నంబరు చెప్పండి.

*చివరగా, రేపటి నుంచి చేయాల్సినవి*

ఒకటి. అర్థం కాని కాగితం మీద సంతకం వద్దు. "ఇంటికి తీసుకుపోయి చదివించుకుని రేపు ఇస్తాను" అనండి.

రెండు. జేబులో ఒక కార్డు పెట్టుకోండి. ఇంగ్లీషులో ఎవరితోనైనా రాయించుకోండి. "ఐ యామ్ హార్డ్ ఆఫ్ హియరింగ్. ప్లీజ్ ఫేస్ మీ అండ్ రైట్ ఇట్ డౌన్." అంటే నాకు సరిగా వినపడదు, నా మొహం చూస్తూ చెప్పండి, రాసి చూపించండి అని. పోలీసు ఆపినా, డాక్టరు దగ్గరైనా అదే చూపించండి. వినికిడి బాగున్నవాళ్ళకు రెండో కార్డు, "ఐ డిడ్ నాట్ అండర్‌స్టాండ్. ఐ నీడ్ యాన్ ఇంటర్‌ప్రెటర్." నాకు అర్థం కాలేదు, దుబాసీ కావాలి అని.

మూడు. ఏది అడిగినా మెసేజ్‌లోనో కాగితం మీదో అడగండి. తేదీ ఉంటుంది, సాక్ష్యం ఉంటుంది.

నాలుగు. నాలాంటి మేస్త్రీలకు, సూపర్‌వైజర్లకు. "అర్థమైందా" అని అడగకండి. అందరూ తల ఊపుతారు. "నేనేం చెప్పానో నువ్వు చెప్పు" అని అడగండి. ఆ రోజు నేను ఆ ఒక్క మాట అడిగి ఉంటే లోడర్ దాకా వచ్చేది కాదు.

మొన్న కూడిక అయ్యాక ఆ తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు. వాడి అనుమతి తీసుకునే ఈ కథంతా చెప్పాను. నేను అలవాటుగా "ఎట్లుంది, బాగానే చెప్పిననా?" అన్నాను. తల ఊపలేదు. "అన్నా, మైకు నోటికి అడ్డం పెట్టుకున్నవ్, సగం తెలవలే. రాసి గ్రూపుల పెట్టు" అన్నాడు.

అందుకే ఇంత పొడుగు రాశాను. చదవండి, చదవలేనివాళ్ళకు చదివి వినిపించండి, వినపడనివాళ్ళకు చూపించండి.

ఉంటాను. అందరూ జాగ్రత్త.